దొరగారు ఫలహారం చేస్తున్నారు

మేజర్ జనరల్ సర్ ఆంబ్రోస్ డెల్వర్టన్ కాలం చేసినప్పుడు మా జిల్లా పత్రిక మూడు నిలువు వరసల వ్యాసమూ, గుర్రం మీద కూచున్న ఫోటో ఒకటీ వేసింది. ఆయన దగ్గర ముప్ఫై అయిదేళ్ళు ఆర్డర్లీగా పనిచేసిన విల్‌ఫ్రెడ్ గాట్స్ పోయినప్పుడు నాలుగు పంక్తులు వేసింది. అందులో మూడు జనరల్ గారి గురించే. నాలుగో పంక్తిలో విల్ఫ్ వయసు ఉంది. అదీ తప్పే.

నేను హాల్స్‌మియర్ ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిపంతులుగానూ, అందులో ఇరవై ఏళ్ళు చర్చి సంఘం కార్యదర్శిగానూ ఉన్నాను. ఈ రెండు ఉద్యోగాలూ మనిషికి కోపం మింగడం నేర్పుతాయి. సభలో ఇద్దరు పెద్దమనుషులు ఒకరి గొంతు ఒకరు పట్టుకోబోయినా, మినిట్స్ పుస్తకంలో 'సభ్యులు తమ అభిప్రాయాలు తెలియజేశారు' అని రాస్తాం. ఈ కథ అలా రాయను. కడుపు మండి రాస్తున్నాను, మండుతూనే ఉండనిస్తాను.

విల్ఫ్ మా ఊరి గడ్డలోంచి మొలిచినవాడే. తండ్రి డెల్వర్టన్ ఎస్టేటులో టర్నిప్పు దుంపలు తవ్వే కూలీ. ముగ్గురు పిల్లలు: పెద్దది ఆలివ్, నడిమివాడు విల్ఫ్, ఇద్దరి తరవాత చాలా ఏళ్ళకి పుట్టిన సిడ్. తల్లి సిడ్‌ని కని పోయింది. ఆలివ్ వాణ్ణి చంకన వేసుకుని పెంచింది. పెళ్ళి సంగతి తలుచుకునే తీరిక ఆమెకి దొరికేసరికి, అడిగే మగవాడు మిగల్లేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు విల్ఫ్ సైన్యంలో చేరి, అప్పటికి మేజరుగా ఉన్న డెల్వర్టన్ దొరగారికి ఆర్డర్లీ అయ్యాడు.

సర్ ఆంబ్రోస్ జీవితం గురించి ఆయనే ఒక లావుపాటి పుస్తకం రాశారు కనుక, కావలసినవాళ్ళు అందులో చూసుకోవచ్చు. ఎనిమిది పటాలున్నాయి. విల్ఫ్ ప్రస్తావన ఒక్కచోట ఉంది, 'నా ఆర్డర్లీ, పాపం' అని మొదలవుతుంది. నేను విల్ఫ్ నోట విన్న చరిత్ర వేరు. అందులో పటాలు లేవు, బూట్లున్నాయి. మొదటి యుద్ధంలో దొరగారు బురద కందకాల్లో ఎడమ చెవి తమ్మె పోగొట్టుకుని పతకం సంపాదించారు. ఆ నాటి బూట్లు పెట్టెలో దాచుకున్నారు. హిందూదేశం సరిహద్దు కొండల్లో ఉన్నప్పుడు బూట్లకి ఎర్రదుమ్ము, పాలస్తీనాలో సున్నపుదుమ్ము. పంతొమ్మిది వందల నలభైలో ఫ్రాన్సు నుంచి సైన్యమంతా పరిగెత్తి వచ్చినప్పుడు, సముద్రం ఒడ్డున విమానాలు బాంబులు వేస్తుంటే విల్ఫ్ ఇసకలో చతికిలబడి దొరగారి బూట్లకి ఉమ్మి రాసి మెరుగు పెట్టాడు. ఆ బూట్లు చూసి ధైర్యం తెచ్చుకుని, చుట్టుపక్కల రెండు వందలమంది వరసలో నిలబడ్డారట. ఇది నిజం. దొరగారు పిరికివాడు కాడు, దుర్మార్గుడూ కాడు. దుర్మార్గుడైతే ఈ కథ రాయడం నాకు ఎంతో సుఖంగా ఉండేది.

ఆయనకి ఉన్నది ఒక నియమం. ఫలహారం దగ్గర ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ రాకూడదు. మా దేశంలో ఇది వింత కాదు. నా తండ్రి చనిపోయిన వార్తని మా అమ్మ నాకు టోస్టు తినడం పూర్తయ్యాకే చెప్పింది. అయితే సర్ ఆంబ్రోస్ దీన్నొక యుద్ధశాస్త్రంగా తీర్చిదిద్దారు. "ఫలహారం దగ్గర తొందరపడిన సేనాని రోజంతా తొందరపడతాడు" అనేవారు. మూడున్నర నిమిషాలు ఉడికిన గుడ్డు, రెండు ముక్కల టోస్టు, దాని మీదికి నారింజ మార్మలేడు, మూడు వారాల పాత వార్తాపత్రిక. ఎడారిలోనైనా, మంచులోనైనా, ఎదురుగా జర్మన్లున్నా సరే. తలుపు దగ్గర విల్ఫ్. పత్రికలవాళ్ళు దీన్ని 'చెక్కుచెదరని నిదానం' అని రాశారు. ఇంగ్లీషువాడు ప్రాణమైనా ఇస్తాడు కాని నిదానం ఇవ్వడు. ప్రాణం మరొకడిదైతే మరీ.

నలభై నాలుగు శరత్కాలంలో ఆయన ఇటలీలో ఒక డివిజనుకి అధిపతి. ఆ డివిజనులో మా జిల్లా పటాలం ఉంది, ఆ పటాలంలో మా ఊరి కుర్రాళ్ళున్నారు. ఒక పొద్దుటిపూట ఒక నది దాటబోయి మా ఊరివాళ్ళు పదకొండుమంది పోయారు. వాళ్ళలో సిడ్ గాట్స్ ఒకడు, ఇరవై రెండేళ్ళవాడు. మిసెస్ లార్టర్ కొడుకులిద్దరూ పోయారు. నాకు ఎక్కాలు అప్పజెప్పినవాళ్ళు ఏడుగురు. రాత్రికి రాత్రి నది పొంగిందనీ, ఆ కబురు ఆలస్యంగా అందిందనీ మాకు చెప్పారు. దొరగారి పుస్తకంలోనూ అదే ఉంది: 'దురదృష్టవశాత్తూ గస్తీ నివేదిక నాకు ఆరు గంటల యాభై ఎనిమిది నిమిషాలకి గాని అందలేదు.' మేం నమ్మాం. నది మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తాం?

యుద్ధం అయ్యాక ఊరి వడ్రంగి ఒక ఓక్ చెక్క మీద పదకొండు పేర్లూ చెక్కాడు. దాన్ని చర్చిలో ఉత్తరపు గోడకి, పొద్దుటి వెలుగు పడేచోట బిగించాం. దొరగారు పదవీ విరమణ చేసి ఊరికి వచ్చి, ప్రతి ఆదివారం దాని కిందే కూచునేవారు. విల్ఫ్ ఆయన తోట చూసుకుంటూ, బూట్లు తుడుస్తూ, అక్క ఆలివ్‌తో ఎస్టేటు వారి చిన్న ఇంట్లో ఉండేవాడు. ఊరందరిలో నెమ్మదస్తుడు. ఊరి పబ్బులో ఎవరైనా గిల్లితే గ్లాసు తీసుకుని వేరే బల్ల దగ్గరికి పోయేవాడు.

అరవై ఒకటి చివర్లో దొరగారు నిద్రలోనే పోయారు. మర్నాటికల్లా వాళ్ళావిడ లేడీ డెల్వర్టన్, పాదిరిగారూ కలిసి పాలరాతి ఫలకం ఒకటి పెట్టించాలని నిశ్చయించారు. నిలువెత్తు ఫలకం. అంతటిది పట్టే గోడ ఉత్తరపు గోడ ఒక్కటే. కనుక పదకొండు పేర్ల చెక్కని 'అంతే గౌరవప్రదమైన మరొక స్థలానికి' తరలించాలి. ఆ స్థలం గంటలు మోగించే గది. అక్కడ చీపుళ్ళూ, బకెట్లూ, క్రిస్మస్ బొమ్మల్లోని విరిగిన గాడిద ఒకటీ ఉంటాయి.

చర్చి సంఘంలో తొమ్మిదిమందిమి. తొమ్మిదిమందిమీ చేతులెత్తాం. నా చెయ్యి కూడా లేచింది. ఎందుకు లేచిందని అడిగితే, మిగతా ఎనిమిదీ లేచాయి కనుక.

మా చర్చిలో మేకు కొట్టాలన్నా బిషప్ గారి న్యాయాధికారి అనుమతి కావాలి. అందుకు ముందు చర్చి తలుపుకి ఇరవై ఎనిమిది రోజులు నోటీసు అంటించాలి. ఊరివాళ్ళలో ఎవరికి అభ్యంతరమున్నా రాతమూలకంగా తెలపవచ్చు. తెలపరు. చరిత్రలో ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది, పంతొమ్మిది వందల పదకొండులో, చర్చిలో పెట్టబోయిన బొగ్గుల పొయ్యి మీద. దాన్ని తెలిపినాయన మీద ఊరు ఇప్పటికీ గుర్రుగా ఉంది, ఆయన పోయి నలభై ఏళ్ళయింది.

నేను నోటీసుకి మేకులు కొడుతుంటే విల్ఫ్ వచ్చి వెనక నిలబడ్డాడు. కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. ఫలకం మీద చెక్కబోయే మాటలు అడుగున ఉన్నాయి: 'నిదానమే ఆయన కవచం. తన సైనికులలో ఒక్కరి ప్రాణమైనా వృథాగా పోనివ్వలేదు.'

"మాస్టారూ, టైపు చేసింది మీరేనా?"

"అవును విల్ఫ్."

"ఈ 'వృథాగా' ఎవరి మాట?"

"అమ్మగారిది."

విల్ఫ్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మెడ మీద నరం ఒకటి లేచింది. అతనికి అక్కడ నరం ఉందని నాకు అంతవరకూ తెలియదు.

"అభ్యంతరం రాయాలంటే ఎలాంటి కాగితం కావాలండి?"

పరాచికం ఆడుతున్నాడనుకున్నాను. సాయంత్రం బడి వదిలాక కాగితంతో వచ్చాడు. ఒకే వాక్యం: 'ఆ చెక్కని కదపడానికి వీల్లేదు. ఇట్లు, డబ్ల్యూ. గాట్స్.'

"కారణాలు కూడా రాయాలయ్యా," అన్నాను.

"కారణం రాస్తే అమ్మగారు చదువుతారు, పాదిరిగారు చదువుతారు, చదివి సొరుగులో పెడతారు."

"మరైతే న్యాయాధికారి చర్చికి వచ్చి అందరి ముందూ విచారణ చేస్తాడు. అక్కడ నోటితో చెప్పాలి. ఊరంతా ఉంటుంది."

"ఆలివ్ కూడా వస్తుందా?"

"ఆలివ్‌ని ఆపగలిగినవాడు ఈ జిల్లాలో ఉన్నాడా?"

అతను మొదటి తరగతి పిల్లల చిన్న బల్ల మీద కూలబడ్డాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అలా కూచునే నాకు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి.

ఆ రోజు పొద్దున్న దాడి ఏడుంపావుకి. దొరగారి ఫలహారం ఆరున్నరకి. ఆరూ ముప్ఫై మూడుకి రూక్స్‌బీ అనే కుర్ర లెఫ్టినెంటు, నది దగ్గరనుంచి బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. ఫోను తీగ తెగిపోయింది. నది ఆరడుగులు పెరిగింది, పడవలు నిలవవు, దాడి ఆపాలి: ఇదీ అతను దొరగారికి తెచ్చిన కబురు. జనరల్ గారు ట్రక్కు మీద కట్టిన తన గదిలో గుడ్డు కోసం కూచున్నారు. తలుపు దగ్గర, స్టవ్వు మీద గుడ్డు పెట్టుకుని, విల్ఫ్ ఉన్నాడు.

"'దొరగారు ఫలహారం చేస్తున్నారు' అన్నానండి. 'వెంటనే చెప్పాలోయ్' అన్నారు రూక్స్‌బీ గారు. 'ఫలహారం చేస్తున్నారండి' అన్నాను. మూడోసారి నా చొక్కా పట్టుకున్నారు. నేను ఆయన చేతివైపు చూశాను, అంతే. చొక్కా వదిలేసి, 'క్షమించు' అన్నారు. నాకు చెప్పారండి క్షమాపణ. ఇరవై ఏళ్ళవాడు. పక్కకి వెళ్ళి వానలో నిలబడ్డారు."

"ఇరవై అయిదు నిమిషాలా?"

"ఈ గోలలో గుడ్డు గట్టిపడిపోయింది. దొరగారు వెనక్కి పంపించేశారు. ఇంకోటి ఉడకబెట్టాను."

నేను చేతిలో ఉన్న సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

"ఆరూ యాభై ఎనిమిదికి తుండుగుడ్డ మడతపెట్టారు. నేను రూక్స్‌బీ గారిని లోపలికి పంపించాను. దొరగారు రెండు నిమిషాల్లో దాడి ఆపమని ఉత్తరువు రాశారు. ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. మోటారు సైకిలు మీద మనిషి బయల్దేరాడు. నది ఒడ్డుకి చేరేసరికి ఏడూ ఇరవై. పడవలు నీళ్ళలోకి దిగి అప్పటికే అయిదు నిమిషాలైంది."

"సిడ్ అక్కడున్నాడని నీకు తెలుసా?"

"మొదటి పడవల్లో ఉన్నాడని తెలుసు. నది పొంగిందన్న సంగతి నాకు రూక్స్‌బీ గారు చెప్పలేదండి, నేను అడగలేదు. ఆఫీసర్ల సంగతులు మనం అడగం కదా."

తరవాత రూక్స్‌బీని నివేదిక ఆలస్యం చేశాడని సామాన్ల డిపోకి పంపేశారు. అతను ఎదురు చెప్పలేదు. యుద్ధం అయ్యాక కెనడా వెళ్ళిపోయాడట. చెప్పుకోవడం మర్యాద కాదని అతనికీ చిన్నప్పటినుంచీ ఎవరో నేర్పే ఉంటారు. నాలాంటి పంతులే అయి ఉంటాడు.

"ఇది చెబితేనే చెక్క నిలుస్తుంది మాస్టారూ. చెబితే ఆలివ్ వింటుంది. వాణ్ణి చంకనేసుకుని పెంచింది అది."

"చెప్పకపోతే?"

"పాలరాతి మీద 'వృథాగా పోనివ్వలేదు' అని పడుతుంది. మనవాళ్ళు బకెట్ల మధ్య ఉంటారు." పిడికిలితో చిన్న బల్లని ఒక్కటి గుద్దాడు. "ఆయన బతికుండగానే అడగాల్సింది. ముప్ఫై అయిదేళ్ళు ఆ మనిషి చెంపల మీద మంగలికత్తి తిప్పాను. ఒక్క మాట అడగలేదు. థూ."

అభ్యంతరం సంగతి ఊళ్ళో పొక్కింది. రెండో రోజుకి లేడీ డెల్వర్టన్ విల్ఫ్ ఇంటికి వచ్చారు, కుందేలు మాంసం పిండిలో పొదిగి కాల్చిన 'పై' అనే వంటకం ఒకటి చేత పట్టుకుని. ఎస్టేటు వాళ్ళు 'పై' పట్టుకొచ్చారంటే ఎవరో చచ్చిపోయి ఉండాలి, లేదా చచ్చిపోవాలి. కాగితాల పని మీద నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను.

"విల్ఫ్, నీకు ఒంట్లో బాగుండటం లేదా?" అన్నారామె.

"బాగానే ఉందమ్మగారూ."

"దొరగారు నిన్ను ఎంత ఆదరంగా చూసేవారో నీకు తెలుసుగా."

"తెలుసమ్మగారూ."

"మరి?"

విల్ఫ్ నేల చూపులు చూశాడు. ఆమె పైకి చూశారు. దూలాలని చాలాసేపు పరీక్షించారు. "ఈ పైకప్పు బాగు చేయించాలి. చాలా రోజులనుంచీ అనుకుంటున్నాను," అని నవ్వి లేచారు. మా దేశంలో కొంప కూలుస్తామని బెదిరించే పద్ధతి ఇదే. గొంతు పెంచితే అది నాగరికత అనిపించుకోదు.

ఆమె గేటు దాటకముందే ఆలివ్ వంటింట్లోంచి ఊడిపడింది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, చేతిలో అట్లకాడ.

"పైకప్పట, పైకప్పు. దాని మొగుడు పెంకులు తెచ్చి వేశాడా? మా నాయన వేశాడు. ఒరే విల్ఫ్, నువ్వు ఒక్క అడుగు వెనక్కి వేశావంటే నీకు అన్నం పెట్టను, విన్నావా?"

"విన్నానక్కా."

"మాస్టారూ, మీరు చెయ్యెత్తారట కదా చెక్క తీసెయ్యమని. సిగ్గు లేదూ?"

"ఉందమ్మా," అన్నాను. నిజంగానే ఉంది.

"మా తమ్ముడికి ఉందండీ గుండె. మీ తొమ్మిదిమందికీ కలిపి లేదు. సిడ్ కోసం వాడు రాజుగారితోనైనా పోట్లాడతాడు." విల్ఫ్ తల మీద చెయ్యి వేసి నిమిరింది, చిన్న పిల్లాణ్ణి నిమిరినట్టు. విల్ఫ్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. సిగ్గుపడ్డాడనుకుందామె. ఆ కుందేలు 'పై'ని పందులకి వేసింది.

మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరిగి అందర్నీ విచారణకి రమ్మని పిలిచింది. మిసెస్ లార్టర్‌ని కూడా. కొడుకులు పోయాక ఆవిడ చర్చి గడప తొక్కలేదు. ఆలివ్ పిలిస్తే వచ్చింది.

విచారణ నాడు చర్చి కిటకిటలాడింది. క్రిస్మస్‌కి రానివాళ్ళు కూడా వచ్చారు. న్యాయాధికారి తెల్లజుట్టు విగ్గుతో, వేదిక కింద బల్ల వేసుకుని కూచున్నాడు. లండన్నుంచి లేడీ డెల్వర్టన్ తెచ్చుకున్న వకీలు ముందు మాట్లాడాడు. చెక్కని ఎవరూ పారెయ్యడం లేదనీ, చర్చి కప్పు కిందే ఉంటుందనీ, గౌరవం స్థలాన్ని బట్టి రాదనీ అన్నాడు. దొరగారి ఫలకానికి మాత్రం ఆ స్థలమే ఎందుకు కావాలో ఎవరూ అడగలేదు.

"మిస్టర్ గాట్స్, మీ అభ్యంతరం ఏమిటి?" అన్నాడు న్యాయాధికారి.

విల్ఫ్ లేచాడు. ఆలివ్ పొద్దున్నే ఇస్త్రీ చేసిన చొక్కా. రెండో వరసలో ఆమె మెడ నిటారుగా పెట్టుకుని కూచుంది.

"వృథాగా పోనివ్వలేదని రాయించారండి. పదకొండుమందీ వృథాగానే పోయారు. ఆ పొద్దున్న తలుపు దగ్గర ఉన్నది నేను."

తరవాత నాకు చెప్పినదంతా చెప్పాడు. గంటలూ నిమిషాలూ అన్నీ. తోటలో ఏ మొక్క ఎప్పుడు నాటిందీ చెబుతున్నట్టే చెప్పాడు.

వకీలు లేచాడు. "అంటే జనరల్ గారు తెలిసి తెలిసీ ఆలస్యం చేశారని మీ ఆరోపణా?"

"కాదండి. ఆయనకి తెలీదు."

"మరి ఆయన తప్పేముంది?"

"తెలియకుండా ఉండటానికే కదండీ నన్ను అక్కడ పెట్టుకున్నది."

"లెఫ్టినెంటు అత్యవసరమని మీతో చెప్పాడా?"

"మూడుసార్లు."

"అయినా మీరు ఆపారు. అయితే తప్పు మీదన్నమాట, మిస్టర్ గాట్స్."

విల్ఫ్ పట్టుబడ్డాడని వకీలు మొహంలో వెలుగు.

"నాదేనండి. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను. అందుకే నా పేరు ఏ గోడ మీదా పెట్టమని అడగటం లేదు. ఆయనది మాత్రం ఎందుకు పెడతారు? గుడ్డు తిన్నది ఆయన, ఉడకబెట్టింది నేను. మా ఇద్దర్నీ ఆ బకెట్ల గదిలో పెట్టండి. వాళ్ళని కదపకండి."

చెప్పి, న్యాయాధికారి కూచోమనకుండానే కూచున్నాడు. ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగంలో ఆజ్ఞ లేకుండా చేసిన మొదటి పని అదేననుకుంటాను.

నేను ఆలివ్‌వైపు చూడలేకపోయాను. చూసినవాళ్ళు చెప్పారు, ఆమె కదలలేదని. ఆమె పక్కన మిసెస్ లార్టర్ మాత్రం లేచి, నడవ మధ్యలోంచి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, విల్ఫ్ ముందు ఆగింది.

"రెండో గుడ్డు ఎందుకు ఉడకబెట్టావు?" అంది.

"అడిగారు కనకండి."

"అడిగితే?"

విల్ఫ్ లేచి నిలబడ్డాడు. ఆవిడ అతని చెంప మీద ఒక్కటి కొట్టి బయటికి వెళ్ళిపోయింది. న్యాయాధికారి దాన్ని చూడనట్టు కాగితాలు సర్దుకున్నాడు. మినిట్స్‌లో నేనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

తీర్పు వారం తరవాత వచ్చింది. చెక్క ఉన్నచోటే ఉంటుంది. జనరల్ గారికి దక్షిణపు నడవలో, స్తంభం వెనక, పేరూ హోదా తేదీలూ మాత్రమే ఉన్న చిన్న ఫలకం పెట్టుకోవచ్చు. లేడీ డెల్వర్టన్ దాన్ని అవమానంగా భావించి, నిలువెత్తు పాలరాయిని తమ గులాబీ తోట గోడకి పెట్టించుకున్నారు. అక్కడ దాన్ని తోటమాలి చదువుతాడు. కొత్త తోటమాలి. ఎందుకంటే పైకప్పు బాగు చేయించడం మొదలైంది, మనుషులు లోపల ఉండగా బాగు చెయ్యడం కుదరదని తేలింది, బాగయ్యాక ఇల్లు వేరే అవసరానికి కావలసి వచ్చింది. మూడు ఉత్తరాలు వచ్చాయి, మూడూ ఎంతో మర్యాదగా ఉన్నాయి. నేను వాటికి జవాబులు రాశాను. నా జవాబుల్లో మర్యాద లేదు. ఎస్టేటు వారు బడి మేనేజరుకి నా ఆరోగ్యం గురించి విచారం వ్యక్తం చేశారు.

ఖాళీ చెయ్యమనేదాకా ఆలివ్ ఆగలేదు. విచారణ అయిన మధ్యాహ్నమే కుట్టుమిషను తోపుడుబండిలో వేసుకుని మిసెస్ లార్టర్ ఇంటికి వెళ్ళిపోయింది. విల్ఫ్ బండి పట్టుకోబోతే, "చెయ్యి తియ్యి," అంది.

"అక్కా."

"పద్దెనిమిదేళ్ళు నా ఎదురుగా కూచుని టీ తాగావు. వాడి పుట్టినరోజు నాడల్లా నేను ఏడుస్తుంటే చేతిగుడ్డ అందించావు. ఆ చేత్తోనేరా."

"చెబుదామని..."

"చెబితే ఏం చేసేదాన్ని? తిట్టేదాన్ని. కొట్టేదాన్ని. పద్దెనిమిదేళ్ళలో కాస్త తగ్గేదేమో. ఇప్పుడు డెబ్భై ఏళ్ళ వయసులో మొదలుపెట్టమంటావు. నాకు టైమెక్కడుంది?"

బండి చక్రం కీచుమంటూ వీధి చివరిదాకా వినిపించింది. విల్ఫ్ రొట్టెల కొట్టు మేడ మీద ఒక గది తీసుకున్నాడు. పబ్బుకి వెళ్ళడం మానేశాడు. కొందరు పాపమన్నారు, కొందరు ఉమ్మేశారు. ఇరుపక్షాలకీ టోపీ తీసి దండం పెట్టేవాడు. అది చూస్తే నాకు ఇంకా మండేది.

నవంబరు వచ్చింది. అమరవీరుల ఆదివారం నాడు చెక్క ముందు నిలబడి పదకొండు పేర్లూ చదవాలి. పాదిరిగారు గొంతు సవరించుకుని, ఈసారి ఎవరు చదువుతారు అన్నారు. ఆలివ్ లేచింది. కాగితం తీసుకుని చెక్క దాకా నడిచి, చుట్టూ చూసింది.

"వాడేడీ?"

నేను తలుపు వైపు చూశాను. విల్ఫ్ బయట, సమాధుల మధ్య, వానలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే ఉండి వెళ్ళిపోదామనుకున్నాడో ఏమో.

ఆలివ్ అంతమంది మధ్యలోంచి నడిచి తలుపు దగ్గరికి వెళ్ళింది.

"బయటుండి తప్పించుకుందామనుకున్నావా? లోపలికి రా."

"నేను ఇక్కడే ఉంటానక్కా."

"నీ ఇష్టం కాదు. ముందు వరసలో నిలబడు. నేను చదువుతాను, నువ్వు విను. ప్రతి ఏడూ వినాలి. నేను బతికున్నన్నాళ్ళూ చదువుతాను, నువ్వు బతికున్నన్నాళ్ళూ వింటావు."

అతను బూట్లు గుమ్మం దగ్గర రుద్దుకుని లోపలికి వచ్చాడు. మిసెస్ లార్టర్ అతని వైపు చూడకుండా బల్ల మీద కాస్త జరిగింది. అక్కడ ఖాళీ ఏర్పడింది, అతను మాత్రం కూచోలేదు. ఆలివ్ చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరు తరవాత ఆగి, తమ్ముడి మొహంలోకి చూసి, తరవాతి పేరుకి వెళ్ళింది. పాదిరిగారు గడియారం చూసుకున్నారు. ఆమె తొందరపడలేదు.